ఒక చెవి ఇంటికి

నిన్న బీసెంటు రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు కౌంటర్ దగ్గర నిలబడ్డాను. నా ఇయర్‌బడ్స్‌లో కుడిచెవిది మూగబోయి వారం దాటింది. కొత్త జత చూపించమంటే కౌంటర్లో అతను నాలుగు డబ్బాలు అద్దం మీద పరిచి, "మేడమ్, ముందు ఒక్క మాట చెప్పండి. మీకు కంఫర్ట్ కావాలా, సౌండ్ కావాలా? ఈ రేంజిలో రెండూ రావు," అన్నాడు.

చిన్న ప్రశ్నే. ఏదో ఒకటి చెప్పి కొనుక్కుని రావలసింది. వెనక ఎవరో తోస్తున్నారు, బయట ఆటోల హారన్లు, పక్క కౌంటర్లో ఒకాయన రింగ్‌టోన్లు ఒకదాని తరవాత ఒకటి మోగించి చూసుకుంటున్నాడు. "మళ్ళీ వస్తానండీ," అని మెట్లు దిగేశాను. దిగి కాస్త దూరం నడిచి, కొనేస్తే పోయేదిగా అని వెనక్కి తిరిగి, మళ్ళీ వద్దనుకుని ముందుకి నడిచి… ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి మా ఎదురు ఫ్లాటులో ఉండేవారు. పోయిన ఆషాఢంలో కన్నుమూశారు.

నేనావిణ్ణి పిన్నిగారూ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. రెండు తలుపుల మధ్య నాలుగడుగుల వరండా, అంతే.

పిన్నిగారికి కష్టపడటం గిట్టదు. ఇది నిందగా అనటం లేదు, ఆవిడే గర్వంగా చెప్పుకునేవారు. కూరలు కర్రీ పాయింటు నించి. పచ్చళ్ళు కొట్లోవి. పూజకి పూలు కట్టిన ప్యాకెట్టు. వినాయక చవితికి పత్రి కూడా ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి మనిషి మా అపార్టుమెంటులో ఆవిడే. "సులువుగా అయ్యే పనిని కష్టపడి చేస్తే పుణ్యం రాదమ్మాయ్, నడుంనొప్పి వస్తుంది," అనేవారు. ఇంట్లో తన చేత్తో కాచేది చారు ఒక్కటే. ప్లాస్టిక్ కవరులో పోసి ముడేసిన చారుకి ప్రాణం ఉండదని ఆవిడ నమ్మకం.

చారు తరవాత ఆవిడ సులువుని గడప తొక్కనివ్వని చోటు ఇంకొకటి ఉంది. పాట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో గోడ వైపు తిరిగి ఉన్న కేను కుర్చీలో కూర్చునేవారు. గోడ మీద ఏమీ ఉండదు, కేలెండరు కూడా. బొమ్మ ఉంటే కళ్ళు దాని మీదకి పోతాయని తీయించేశారు. నెత్తి మీద పెద్ద హెడ్‌ఫోను, కొబ్బరిచిప్పల్లాంటి రెండు డొప్పలు, దాన్నించి నల్లటి పొడుగాటి వైరు. కొత్త ఫోన్లకి ఆ వైరు గుచ్చే చిల్లు ఉండదు కదా, అందుకని అద్దం పగిలిన పాత ఫోను ఒకటి ఆ ఒక్క పనికే దాచుకున్నారు. అందులో ఎక్కడెక్కడో సంపాదించిన పాత కచేరీలు. రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆవిడ వేలు తాళం వెయ్యటం గానీ, తల ఊపటం గానీ నేను చూడలేదు. కొలను గట్టున కూర్చున్న కొంగలాగా ఉండేవారు.

నేను దానికి పూర్తిగా ఎదురు. నాకు చిన్నప్పుడు కాలు చచ్చుబడితే బడికి పంపలేదు. పామర్రులో మా అరుగు మీద నాన్నగారు పని చేసుకుంటూ పద్యం చదివేవారు, నేను పూలు గుచ్చుతూనో బియ్యం ఏరుతూనో అప్పగించేదాన్ని. నాకొచ్చిన చదువంతా అలా చేతుల్లో పని ఉండగా చెవుల్లో పడిందే. ఆయన పెట్టిన ఆ భిక్షకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. దాంతో నాకు వింటూ కూర్చోవటం చేతకాదు. చీరలకి ఫాల్స్ కుట్టటం, కుచ్చులు వెయ్యటం నా పని. మా వారు ఈ ఇయర్‌బడ్స్ కొనిచ్చిన రోజున అమ్మవారే పంపిందనుకున్నాను. వైరు లేదు, చిక్కు లేదు. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, మిషను తొక్కుతూ రోజంతా చెవిలో నామాలే.

పిన్నిగారు వాటిని మొదటిసారి చూసినప్పుడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇవేమిటి, జీడిపప్పు పలుకుల్లా?"

"వినటానికండీ. ఒకసారి పెట్టుకుని చూడండి, ఎంత హాయో."

పెట్టుకున్నారు. నేను స్తోత్రం పెట్టాను. ఆవిడ ముఖం చారులో ఉప్పు మరిచిపోయినప్పుడు పెట్టే ముఖంలా అయింది.

"తంబురా ఏదీ?"

"ఉంటుందండీ, సన్నగా."

"సన్నగా ఎందుకుంటుందే? పాటంతా దాని మీదేగా నిలబడేది. మృదంగం ఎడమవైపు మోత అసలు లేదు. ఇదీ, మజ్జిగ మీద తేటమ్మా. తాగితే దాహం తీరుతుంది, మజ్జిగ అనకు." తీసి నా అరచేతిలో పెట్టేశారు. "నువ్వు వినటం లేదు. చెవికి ఏదో ఒకటి తగిలిస్తున్నావు."

నాకు రోషం వచ్చింది. "మీకేమండీ, కూరలు కొనుక్కుంటారు. నాకు కూర్చునే తీరికెక్కడిది? పని చేస్తూ రెండు నామాలు చెవినబడితే అదే నా పూజ."

"పూజ అంటే ఏమీ అనను. పాట అంటే ఒప్పుకోను," అన్నారు. అన్నాక నవ్వారు. "కూర్చున్నా నీ కాలు ఊగుతూనే ఉంటుంది చూసుకో. ఆ మంచి కాలికి చెడ్డకాలి పని కూడా నువ్వే అప్పజెప్పావు."

మా వాదన ఏళ్ళ తరబడి ఇలాగే సాగేది. కలిసినప్పుడల్లా, "ఏమిటి, జీడిపప్పులు మేస్తున్నావా?" అని ఆవిడ. "మీ ఉరితాడు బాగుందా?" అని నేను.

అయితే ఆవిడ రెండు గంటలు ఊరికే దొరికినవి కావు. లోపలి గదిలో ఆవిడ అత్తగారు ఉండేవారు. తొంభై దాటిన మనిషి. నేను మామ్మగారూ అనేదాన్ని. పిన్నిగారి భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. కొడుకు లేని అత్తా, భర్త లేని కోడలూ, ఇద్దరే ఆ మూడు గదుల్లో. మామ్మగారికి మనిషి ఎదురుగా ఉన్నా పిలుస్తూనే ఉండాలి.

"ఏమేవ్!"

"ఇక్కడే ఉన్నానత్తయ్యా."

"ఉన్నావని తెలుసు. ఏం చేస్తున్నావు?"

"చారు కాస్తున్నా."

"అదొక చారు. చేతులు కడిగిన నీళ్ళు."

ఈ చేతులు కడిగిన నీళ్ళ మాట పెళ్ళయి వచ్చిన నాటినించీ వింటున్నదే. చిన్నప్పుడు నేర్చుకుంటున్న సంగీతం మాన్పించిందీ మామ్మగారేనట. "పాడటం మాన్పించారు, వినటం ఎలా మాన్పిస్తారు?" అని ఒకసారి మెట్ల మీద అన్నారు పిన్నిగారు. అంతకు మించి దాని గురించి మాట్లాడలేదు. మధ్యాహ్నం మామ్మగారు కునుకు తీసే సమయం, ఈవిడ గోడవైపు తిరిగే సమయం ఒకటే. ఆ రెండు గంటలు ఆ ఇంట్లో ఈవిడ ఎవరికీ కోడలు కాదు.

ఒక మధ్యాహ్నం గిన్నె తిరిగివ్వటానికి వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. పిన్నిగారు వీపు ఇటు పెట్టి కుర్చీలో ఉన్నారు. లోపల్నించి చప్పుడు. స్టీలు చెంబుతో గచ్చు మీద కొడుతున్నట్టు. ఆగి ఆగి. దానితోపాటు సన్నటి గొంతు, "ఏమేవ్… ఏమేవ్…"

ముందు ఎటు పరుగెత్తాలో తెలియలేదు. పిన్నిగారి భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే ఎడమ చెయ్యి ఎత్తి, "ఆగు, ఆగు, అయిపోవచ్చింది," అన్నారు.

నేను భుజం గట్టిగా కుదిపాను. కళ్ళు తెరిచి నా ముఖం చూశారు. హెడ్‌ఫోను తీశారు. అప్పుడు వినపడింది ఆవిడకి.

మామ్మగారు బాత్రూములో పడి ఉన్నారు. ఎముకలేమీ విరగలేదు, తల్లి దయ. మణికట్టు వాచింది, మోచెయ్యి గీరుకుంది. ఇద్దరం కలిసి లేవదీసి మంచం మీద పడుకోబెట్టాం. ఇప్పుడు తిడతారు, ఇప్పుడు తిడతారు అని చూస్తున్నాం. తిట్టలేదు. పైకప్పు చూస్తూ, "చాలాసేపు పిలిచాను," అన్నారు, అంతే.

ఆ తరవాత పిన్నిగారు హెడ్‌ఫోను ముట్టుకోలేదు. వైరు చుట్ట చుట్టి, గోడకి ఒకప్పుడు కేలెండరు ఉన్న మేకుకి తగిలించారు. మధ్యాహ్నాలు మామ్మగారి గది గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేవారు. ఏదో ఒక పని పట్టుకుని. కర్రీ పాయింటు మీద బతికిన మనిషి బీరకాయలు కొని చెక్కు తీయటం మొదలుపెట్టింది! ఆ చేతులు ఊరుకునేవి కావు. నాకు కాలు ఊగినట్టు ఆవిడకి చేతులు. కూరలో ఉప్పు ఎక్కువయ్యేది, పాలు పొంగిపోయేవి. ఒకరోజు ఏమీ లేకుండానే నా మీద విసుక్కున్నారు. "రాత్రీ పగలూ తేడా తెలియటం లేదమ్మాయ్. పాట వినని రోజు తెల్లవారినట్టే ఉండదు." నాకు భయమేసింది. అమ్మవారికి ఆవిడ పేరున కుంకుమపూజ చేయించాను. ఆవిడకి చెప్పలేదు, నవ్వుతారని.

ఆఖరికి ఆవిడే అడిగారు, చూపు ఎటో పెట్టి. "నీ జీడిపప్పులు… ఒక్కటే పెట్టుకుంటే పలుకుతుందా?"

"పలుకుతుందండీ."

"రెండోది తీసేసినా?"

"దేనికదే. ఒకటి చార్జింగులో ఉన్నా ఇంకోటి పనిచేస్తుంది."

తెప్పించుకున్నారు. దాని డబ్బా పోపుల పెట్టెలో, మెంతులు అయిపోయిన గిన్నెలో పెట్టుకునేవారు. వంటింట్లో చేతికందేది అదే మరి. ఎప్పుడూ ఒక్కటే పెట్టుకునేవారు, కుడిచెవికి. అది అలిసిపోతే డబ్బాలో పడేసి రెండోది అదే చెవికి. "డ్యూటీ మారింది," అనేవారు. ఎడమచెవి ఎప్పుడూ ఖాళీ. లోపలి గదివైపు చెవి అది.

"ఎలా ఉందండీ?" అన్నాను, మొదటి రోజు. గెలిచానని కాదు. అయినా ఆ గర్వం కాస్త ఉంది.

"ఇంగువ వాసనొస్తోంది తోడి రాగం," అన్నారు. తరవాత, "తేటేలే. ఎండలో తేట కూడా తాగుతాంగా."

ఇక్కడ మామ్మగారు ఒక పొరపాటు పడ్డారు.

మర్నాడో ఆ మర్నాడో, గ్లాసు అందుకుంటూ కోడలి చెవి కేసి చూశారట. ఆవిడ బావగారొకాయనకి చెవుడొస్తే తెల్లటి మిషను పెట్టారు, ఎప్పుడో. అది గుర్తొచ్చింది. కాసేపు చూసి, "ఎన్నాళ్ళ నించే?" అన్నారు. పిన్నిగారికి అర్థం కాలేదు. "చెప్పకూడదుటే? ఆ రోజు వినపడకే రాలేదన్నమాట. నేను ఇంకోలా అనుకున్నాను," అని కళ్ళు తుడుచుకున్నారు.

పిన్నిగారు కాదనలేకపోయారు. ఏమని కాదంటారు? నాకు బాగానే వినపడుతుంది, ఆ రోజు పాట వింటూ రాలేదు అనా?

అంతే. ఆ రోజు నించి ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ మామ్మగారు చెప్పటమే. "పాపం, మా కోడలికి చెవుడండీ. మనిషి మంచిదే, పిలిస్తే రాకపోదు. వినపడదు." పిలవటానికి గొంతు చాలదని గ్లాసు మీద చెంచాతో కొట్టటం మొదలుపెట్టారు. పిన్నిగారు మొదటి దెబ్బకే లేచి, మూడో దెబ్బదాకా గుమ్మం ఇవతల ఆగి వెళ్ళేవారు. "చెవిటిదాన్నిగా, వెంటనే వెడితే ఎలా?" అని నాతో గుసగుసగా నవ్వేవారు. నవ్వుతూనే, "తప్పేమోనే అమ్మాయ్," అనేవారు. "చెప్పేద్దామనుకుంటాను. ఆవిడ మనసు కుదుటపడి నిద్రపోతోంది. చెప్పి లేపటమెందుకు?"

ఒకరోజు నేను మామ్మగారి మంచం పక్కన కూర్చుని ఒక మంగళగిరి చీరకి ఫాల్ కుడుతున్నాను. పిన్నిగారు గుమ్మంలో మాకు వీపు పెట్టి బీరకాయ చెక్కు తీస్తున్నారు, కుడిచెవిలో ఆ పలుకు. మామ్మగారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, మామూలు గొంతుతోనే అన్నారు, "నీతో చెబుతున్నాను, దానితో చెప్పకు."

"వింటారండీ మామ్మగారూ."

"వినదులే పాపం. దాని చేతి చారు లాంటి చారు నేను మా పుట్టింట్లో కూడా తాగలేదు. వచ్చిన మొదటి రోజే తెలిసింది నాకు. చెప్తే నెత్తికెక్కుతుందని చెప్పలేదు. మా వాడు కూడా బాగుందే అన్నాడు, నోరుముయ్యమన్నాను." దుప్పటి సర్దుకుని, "గొంతు కూడా మంచిదే ఉండేది. ఎదురింట్లో నిలబడి వినేవాళ్ళు. అందుకే మాన్పించాను," అన్నారు.

నేను పిన్నిగారి వైపు చూశాను. వీపు కదల్లేదు. చేతిలో చెక్కు తీసే కత్తి బీరకాయ మధ్యలో ఆగిపోయింది. చెక్కు అలాగే వేలాడుతోంది.

చాలాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. చెవిలోది తీసి పోపుల పెట్టెలో పెడుతున్నారు. "చార్జింగ్ అయిపోయింది," అన్నారు. దాని ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. ఆ పూట చారు రెండుసార్లు కాచారు. మొదటిది బాగాలేదని పారబోశారు.

మామ్మగారు నిద్రలోనే పోయారు, ఆ వేసవిలో. ఎవరినీ నీళ్ళు అడక్కుండా. కర్మకాండలన్నీ అయి, చుట్టాలు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం పిన్నిగారు నా తలుపు కొట్టారు. మబ్బు పట్టి ఉంది. ఉక్క.

"రా అమ్మాయ్. ఇవాళ రెండు చెవులతోనూ వింటాను."

మేకు మీంచి హెడ్‌ఫోను దించి, దుమ్ము తుడిచి, వైరు విప్పారు. పగిలిన ఫోనుకి గుచ్చారు. కుర్చీ గోడవైపే ఉంది. కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను కింద కూర్చున్నాను, సూదీ దారం ఒళ్ళో పెట్టుకుని. ఎదురుగా నా ఇంటి తలుపు తీసే ఉంది, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను.

ఆలాపన మొదలై ఉంటుంది. ఆవిడ ముఖం మెల్లిగా సడలుతోంది. ఇంతలో ఎడమవైపు డొప్ప తీసి చెవి వెనక్కి నెట్టారు. లోపలి గదివైపు తల తిప్పి చూశారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు." మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీసి, ఈసారి మొత్తం తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు. మంచం ఖాళీగా ఉంది, గ్లాసూ చెంచా కిటికీలో అలాగే ఉన్నాయి. "రెండూ మూస్తే ఇల్లు వినపడటం లేదే," అన్నారు.

ఆవిడ లేచి నిలబడి, "నువ్వు కూర్చో ఇక్కడ," అన్నారు.

"అయ్యో, నాకొద్దండీ. కుక్కరు పెట్టొచ్చాను."

"కూతలు నేను వింటాను. నా చెవి ఎలాగూ ఊరుకోదు, దానికి ఏదో ఒక పని చెప్పాలిగా. కూర్చో." భుజాలు పట్టి కుర్చీలో కూలేశారు. నా చేతిలోంచి సూది లాక్కుని తన జాకెట్టుకి గుచ్చుకున్నారు. "వినేవాళ్ళకి ఒకళ్ళు కాపలా ఉండాలమ్మాయ్. అది లేకే ఈ వైర్లూ ఈ జీడిపప్పులూ."

ఆవిడ ఆ డొప్పలు నా చెవులకి పెట్టారు. వెచ్చగా ఉన్నాయి.

ముందు తంబురా. వినపడటం కాదు, కూర్చున్నాను అందులో. తరవాత ఎవరో గొంతు సవరించుకోవటం, ఎక్కడో దూరంగా శ్రోతల్లో గాజుల చప్పుడు, పాడే ఆయన పల్లవి ఎత్తుకోబోయే ముందు తీసుకున్న ఊపిరి. ఆ ఊపిరికి నాకు నాన్నగారు గుర్తొచ్చారు. పద్యం ఎత్తుకునే ముందు ఆయనా అలాగే ఊపిరి తీసేవారు. ఇన్నేళ్ళూ పద్యమే గుర్తుంది నాకు, ఊపిరి మరిచిపోయాను. మృదంగం ఎడమవైపు కడుపులో మోగుతోంది. నా కాలు ఊగటం లేదని ఎప్పుడు గమనించానో తెలియదు. గోడ మీద ఏమీ లేదు. ఉంటే కూడా చూసేదాన్ని కాను.

భుజం మీద చెయ్యి పడింది.

కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పైకి లేచింది. "ఆగండి, ఆగండి, అయిపోవచ్చింది," అన్నాను.

చెయ్యి వెళ్ళిపోయింది.

పాట పూర్తయ్యాక కుక్కరు గుర్తొచ్చింది. హెడ్‌ఫోను కుర్చీలో పడేసి, వరండా దాటి, మా వంటింట్లోకి కుంటుకుంటూ పరుగెత్తాను. పొయ్యి ఆపేసి ఉంది. పక్కన పిన్నిగారు కుక్కరు మూత మీద చెయ్యి వేసి, తల తన ఇంటి వైపు తిప్పి నిలబడి ఉన్నారు.

"అప్పుడే లేచొచ్చావేం?" అన్నారు. "ఇంకో పాట ఉంది. వెళ్ళి విను, చూస్తానులే."